అమెరికా బడుల పెద్దరికంలో లాటినా మహిళలు

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లల్లో 2022 నాటికి 29 శాతం మంది హిస్పానిక్ కుటుంబాల వారు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో వాళ్లు సగానికి మించిపోయారు. న్యూ మెక్సికోలో పదిమందిలో ఆరుగురు వాళ్లే. పాఠాలు చెప్పేవారు, బడులు నడిపేవారి లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. 2020-21 విద్యా సంవత్సరంలో జాతీయ విద్యా గణాంక కేంద్రం జరిపిన సర్వేలో టీచర్లలో 9 శాతం, ప్రిన్సిపాళ్లలోనూ 9 శాతం హిస్పానిక్‌లు ఉన్నట్టు తేలింది. ఆడవాళ్ల లెక్క చూస్తే టీచర్లలో 77 శాతం, ప్రిన్సిపాళ్లలో 56 శాతం. వీరందరికీ పైన ఉండే సూపరింటెండెంట్లలో, వారి జాతీయ సంఘం 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, మహిళలు 26.7 శాతమే. తెల్లవారు తొంభై శాతం పైమాటే.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చదివితే జల్లెడ ఎక్కడెక్కడ ఉందో కనిపిస్తుంది. టీచరు నుంచి ప్రిన్సిపాల్ దాకా హిస్పానిక్‌ల వాటా తగ్గలేదు. తొమ్మిదికి తొమ్మిదే. వాళ్లు జారిపోతున్నది అంతకు ముందు, కాలేజీకీ టీచరు ఉద్యోగానికీ మధ్య. మళ్లీ ఆ తర్వాత, ప్రిన్సిపాల్ గదికీ డిస్ట్రిక్ట్ కార్యాలయానికీ మధ్య. ఆడవాళ్లకు తొలి మెట్టు దగ్గర ఇబ్బంది లేదు. ప్రతి పై మెట్టు దగ్గరా వాళ్ల వాటా కోసుకుపోతూ ఉంటుంది. లాటినా మహిళ ఈ రెండు జల్లెడల్లోంచీ దాటి రావాలి. ఆమె గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని ‘రెట్టింపు అడ్డంకి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి రెండు అడ్డంకులూ ఒకే చోట ఉండవు, ఒకే రీతిలో పనిచేయవు. ఒకదాన్ని తొలగించే ఉపాయం రెండోదానికి పనికిరాదు.

లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీలను లాటినాలు అంటారు. జనాభా లెక్కల్లో కనిపించే ‘హిస్పానిక్’ అన్న మాటలో స్పెయిన్ మూలాలున్నవారు కూడా వస్తారు. అమెరికా లాటినోల్లో అరవై శాతం దాకా మెక్సికన్ సంతతి వారే. న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు, మయామీలో క్యూబన్లు వేర్వేరు దారుల్లో, వేర్వేరు కాలాల్లో బడుల్లోకి వచ్చారు. న్యూ మెక్సికోలో కొన్ని కుటుంబాలు అమెరికా ఆ నేలను కలుపుకోకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. అందరినీ ఒకే గంపలో వేసి మాట్లాడే గణాంకాలను అందుకే కొంత జాగ్రత్తగా వాడాలి.

పదవులు, వాటిని ఇచ్చేవారు

అమెరికాలో బడులు కేంద్రం చేతిలో ఉండవు. రాష్ట్రం చేతిలోనూ పూర్తిగా ఉండవు. దేశంలో పదమూడు వేలకు పైగా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. చాలాచోట్ల డిస్ట్రిక్టుకు ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కొన్నేళ్ల కాంట్రాక్టు మీద సూపరింటెండెంటును పెట్టుకుంటుంది. తెలుగు పాఠకులకు ఆ పదవిని డీఈఓతో పోల్చి చెప్పడం తేలికే కానీ, పోలిక సగం దాకానే నిలుస్తుంది. డీఈఓ బదిలీ మీద వచ్చే ప్రభుత్వాధికారి. సూపరింటెండెంట్ బోర్డు సభ్యుల్లో మెజారిటీ మారితే ఉద్యోగం ఊడే మనిషి. న్యూయార్క్ వంటి కొన్ని నగరాల్లో బోర్డుకు బదులు మేయరే నియమిస్తాడు. అక్కడ ఆ పదవిని ఛాన్సలర్ అంటారు.

కింది నుంచి వెళ్లే దారి సాధారణంగా ఇలా ఉంటుంది: కొన్నేళ్లు టీచరు, తర్వాత సబ్జెక్టు కోఆర్డినేటర్ లేదా తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే కోచ్, అసిస్టెంట్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, డిస్ట్రిక్ట్ కార్యాలయంలో డైరెక్టర్ లేదా డిప్యూటీ, చివరికి సూపరింటెండెంట్. సీనియారిటీతో దానంతటదే వచ్చే పదోన్నతి ఇందులో ఎక్కడా లేదు. ప్రతి మెట్టుకూ దరఖాస్తు, ఇంటర్వ్యూ ఉంటాయి. చాలా రాష్ట్రాల్లో మాస్టర్స్ డిగ్రీ, పాలనాధికారి లైసెన్సు తప్పనిసరి. ఆ చదువు ఖర్చు ఎక్కువగా సొంత జేబులోంచే పోవాలి. అసలు దరఖాస్తు పెట్టడానికి ముందే, ‘నువ్వు ప్రిన్సిపాల్‌గా బాగుంటావు, ప్రయత్నించు’ అని పైవాళ్లు ఎవరో భుజం తట్టాలి. ఎవరి భుజం తడతారన్న దగ్గరే చాలా కథ జరిగిపోతుంది. ఆ తట్టు ఏ కాగితంలోనూ నమోదు కాదు.

ఓటు కన్నా ముందు వచ్చిన కుర్చీ

లాటినాల బడి నాయకత్వం ఇటీవలి సంగతి అనుకుంటే పొరపాటు. అడెలీనా ఒటెరో-వారెన్ 1917లో న్యూ మెక్సికోలోని సాంటా ఫే కౌంటీకి పాఠశాలల సూపరింటెండెంట్ అయ్యారు. 1929 దాకా ఆ పదవిలో కొనసాగారు. 1917 నాటికి దేశవ్యాప్తంగా ఆడవాళ్లకు ఓటు లేదు. న్యూ మెక్సికో 1910లో రాసుకున్న రాజ్యాంగం మాత్రం బడి ఎన్నికల్లో ఓటు వేయడానికి, బడి పదవులు చేపట్టడానికి స్త్రీలను అనుమతించింది. పిల్లల చదువు ఇంటి పనికి కొనసాగింపే అన్న పాత ఆలోచన ఆ వెసులుబాటుకు మూలం. ఒటెరో-వారెన్ దాన్ని వాడుకుని పైకి వచ్చారు. మహిళా ఓటు హక్కు కోసం పనిచేశారు. 1922లో రిపబ్లికన్ అభ్యర్థిగా అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోయారు. బడిలో ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్ కూడా ఉండాలని వాదించారు. నూరేళ్ల తర్వాత, 2022లో, ఆమె బొమ్మ అమెరికా పావు డాలరు నాణెం మీదికి ఎక్కింది. ఆమెను పేదింటి నుంచి ఎదిగిన ఆదర్శంగా చూపించడం మాత్రం సరికాదు. భూములు, రాజకీయ పలుకుబడి ఉన్న కుటుంబంలో పుట్టారు. ఆ కాలపు న్యూ మెక్సికోలో స్పానిష్ మాట్లాడే పెద్దింటివాళ్ల చేతిలో ఇంకా అధికారం మిగిలి ఉంది.

పక్కనున్న టెక్సాస్‌లో పరిస్థితి పూర్తిగా భిన్నం. అక్కడ 1918 నాటి చట్టం బడిలో ఇంగ్లిష్ తప్ప వేరే భాషలో బోధించడాన్ని నేరంగా మార్చింది. మెక్సికన్ పిల్లలకు వేరే బడులుండేవి. గదులు శిథిలం, పుస్తకాలు పాతవి. లోస్ ఓహ్వేలోస్ అనే ఊళ్లో టీచరుగా చేరిన హొవీటా ఈడార్ ఆ దుస్థితి చూడలేక ఉద్యోగం వదిలి పత్రికా రంగంలోకి వెళ్లారు. 1911లో మెక్సికన్ మహిళల సంఘానికి తొలి అధ్యక్షురాలై పేద పిల్లల చదువు బాధ్యత తలకెత్తుకున్నారు. కాలిఫోర్నియాలో ఈ వేరు బడుల మీద మెండెస్ దంపతులు మరికొన్ని కుటుంబాలతో కలిసి కోర్టుకెక్కారు. 1946లో ఫెడరల్ న్యాయస్థానం, మరుసటి ఏడు అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చాయి. నల్లజాతి పిల్లల వేరు బడుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది ఇంకో ఏడేళ్లకు.

ఇదే కాలంలో అమెరికా మహిళలందరికీ బడి పెద్దరికం దూరమవుతూ వచ్చింది. 1909లో ఎల్లా ఫ్లాగ్ యంగ్ షికాగో బడులకు అధిపతి అయినప్పుడు ఇక అన్ని నగరాల బడులనూ ఆడవాళ్లే ఏలుతారని ఆమె ధీమాగా చెప్పారు. అలా జరగలేదు. చరిత్రకారిణి జాకీ బ్లౌంట్ లెక్కల ప్రకారం 1930లో సూపరింటెండెంట్లలో మహిళలు సుమారు 11 శాతం, 1970కల్లా అది మూడు శాతం చిల్లరకు పడిపోయింది. పెళ్లయితే టీచరు ఉద్యోగం వదిలేయాలన్న నిబంధనలు, చిన్న కౌంటీ కార్యాలయాల విలీనం, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో దొరికిన పై చదువులు, అన్నీ కలిసి ఆ పని చేశాయి. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం చదువులో లింగ వివక్షను నిషేధించాకనే ఈ పతనం ఆగింది.

వీధిలోంచి బోర్డులోకి

లాటినోల విషయంలో మలుపు తిప్పింది చట్టం కన్నా ముందు పిల్లలు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూళ్లలో పదివేల మందికి పైగా విద్యార్థులు తరగతులు వదిలి బయటికి నడిచారు. వాళ్ల కోర్కెల జాబితాలో ద్విభాషా బోధనతో పాటు, తమ సమాజం నుంచి టీచర్లను, పాలనాధికారులను నియమించాలన్న డిమాండు కూడా ఉంది. 1969 డిసెంబర్లో టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీలో మొదలైన సమ్మె కారణం పైకి చిల్లరగా కనిపిస్తుంది. బడి ఆటల జట్టుకు ఉత్సాహం పలికే ఛీర్‌లీడర్ల ఎంపికలో, మెజారిటీగా ఉన్న మెక్సికన్ అమ్మాయిలకు ఒక్క స్థానమే మిగిల్చేవారు. ఆ సమ్మెను నడిపిన ముగ్గురు నలుగురిలో సెవెరీటా లారా ఒకరు. 1970 ఏప్రిల్‌లో మెక్సికన్ అమెరికన్ల రాసా ఉనీదా పార్టీ ఆ ఊరి స్కూల్ బోర్డును గెలుచుకుంది. తర్వాతి కాలంలో లారా ఆ ఊరికి మేయర్ కూడా అయ్యారు.

ఈ ఉద్యమాల చరిత్రలో చాలాకాలం మగవాళ్ల పేర్లే వినిపించాయి. డొలోరెస్ డెల్గాడో బెర్నాల్ 1998లో ప్రచురించిన వ్యాసం దాన్ని తిరగరాసింది. లాస్ ఏంజెలెస్ సమ్మెలో పాల్గొన్న మహిళల మౌఖిక చరిత్రలు సేకరించి, నాయకత్వం అంటే మైకు పట్టుకోవడం ఒక్కటే కాదని ఆమె చూపారు. మనుషులను కూడగట్టడం, సంబంధాలు అల్లడం, ఎరుక కలిగించడం, పదవి చేపట్టడం, గొంతు వినిపించడం అని అయిదు ముఖాలుగా విడదీశారు. లాటినా నాయకత్వం మీద తర్వాత వచ్చిన పరిశోధనలో ఈ వ్యాసం నీడ చాలాచోట్ల కనిపిస్తుంది. దాని ప్రయోజనం మాటల్లో మాత్రమే కాదు. ఆ సమ్మెలో విద్యార్థి నాయకురాలైన విక్కీ కాస్ట్రో తర్వాత టీచరై, ప్రిన్సిపాలై, 1993లో లాస్ ఏంజెలెస్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. వీధిలో నేర్చిన పనే బోర్డు గదిలోనూ అక్కరకొచ్చింది.

న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్ మహిళలు సంస్థల ద్వారా పనిచేశారు. ఆంటోనియా పాంటోహా 1961లో స్థాపించిన ఆస్పిరా యువతను కాలేజీల వైపు నడిపించింది. ఆ సంస్థ వేసిన దావా ఫలితంగా 1974లో నగర విద్యా బోర్డు ద్విభాషా బోధనకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎవెలీనా లోపెస్ ఆంటొనెటీ 1965లో పెట్టిన యునైటెడ్ బ్రాంక్స్ పేరెంట్స్, పిల్లల బడి ఎలా నడుస్తోందో లెక్కలు అడిగి తెలుసుకోవడం తల్లులకు నేర్పింది.

భాష: మెట్టు, చెర

1968 నాటి ద్విభాషా విద్యా చట్టం, 1974లో ‘లావ్ వర్సెస్ నికల్స్’ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇంగ్లిష్ రాని పిల్లలకు ప్రత్యేక బోధన బడుల బాధ్యత అయింది. దానికి స్పానిష్ వచ్చిన టీచర్లు కావాలి. ఆ కార్యక్రమాలను నడిపే కోఆర్డినేటర్లు, డైరెక్టర్లు కావాలి. లాటినాలు పెద్ద సంఖ్యలో పాలనలోకి వచ్చిన తొలి ద్వారం ఇదే. మయామీలో దీనికి ముందుమాట లాంటి ఘట్టం ఒకటుంది. 1963లో కోరల్ వే ఎలిమెంటరీ స్కూల్లో ఇంగ్లిష్, స్పానిష్ రెండింటిలో బోధన మొదలైంది. ఫిడెల్ కాస్ట్రో విప్లవం తర్వాత పారిపోయి వచ్చిన క్యూబన్ మహిళలు, తమ దేశంలో పూర్తి అర్హత ఉన్న టీచర్లు, ఇక్కడ మొదట సహాయకులుగా చేరి, మళ్లీ శిక్షణ పొంది లైసెన్సు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ ద్వారానికి ఒక లక్షణం ఉంది. లోపలికి రానిస్తుంది, ఆ గది దాటి పోనివ్వదు. ఫ్లోరా ఐడా ఓర్టిజ్ 1982లో ప్రచురించిన పుస్తకంలో స్త్రీల, మైనారిటీల, శ్వేతజాతి పురుషుల ఉద్యోగ ప్రస్థానాలను పోల్చి చూశారు. మైనారిటీ పాలనాధికారులను ప్రత్యేక కార్యక్రమాలకు, తమ జాతి పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు పంపే ధోరణి అందులో స్పష్టంగా బయటపడింది. అలాంటి పోస్టుల్లో బడ్జెట్, నియామకాల పని చేతికి రాదు. రేపు సూపరింటెండెంట్ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు బోర్డు అడిగేది సరిగ్గా ఆ రెండింటి గురించే. ద్విభాషా విభాగాన్ని పదేళ్లు నడిపిన అనుభవం అక్కడ ‘ప్రత్యేక నైపుణ్యం’ అనిపించుకుంటుంది, నాయకత్వం అనిపించుకోదు. హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసిన అనుభవం మాత్రం నాయకత్వంగా చెల్లుతుంది. ఇక్కడ ఎవరి దురుద్దేశాన్నో వెతకనక్కర్లేదు. ఏ పనిని ఏ పేరుతో పిలుస్తారన్నదే చాలు.

భాష తెచ్చే అదనపు చాకిరీ ఇంకొకటి. అమెరికా బడుల్లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న విద్యార్థులు పది శాతం పైన ఉంటారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది ఇంటి భాష స్పానిష్. తల్లిదండ్రుల సమావేశంలో దుబాసీ, ఆఫీసుకొచ్చిన ఉత్తరానికి అనువాదం, పిల్లాడి తల్లికి ఫోను, ఇవన్నీ స్పానిష్ తెలిసిన టీచరు నెత్తినో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ నెత్తినో పడతాయి. చాలాసార్లు దానికి జీతం ఉండదు, పదోన్నతిలో లెక్కకూ రాదు. కాలిఫోర్నియాలో 1998 నాటి 227వ ప్రతిపాదన ద్విభాషా బోధనను దాదాపు మూసేసినప్పుడు, ఈ దారిలో ఎదుగుతున్న వాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. ఆరిజోనా 2000లో, మసాచుసెట్స్ 2002లో అదే బాట పట్టాయి. తర్వాత గాలి మళ్లింది. 2011లో కాలిఫోర్నియా రెండు భాషలు వచ్చిన విద్యార్థి డిప్లొమా మీద ప్రత్యేక ముద్ర వేసే చట్టం చేసింది. 2016లో ఓటర్లు 227ను ఎత్తేశారు. ఇప్పుడు రెండు భాషల బడుల్లో సీట్ల కోసం ఇంగ్లిష్ ఇళ్ల తల్లిదండ్రులే వరుస కడుతున్నారు. ఒకప్పుడు పేద పిల్లల లోటు తీర్చే పనిగా చూసిన విద్య డిస్ట్రిక్టుకు ఆకర్షణ అయ్యేసరికి, దాన్ని నడిపినవాళ్ల అనుభవానికీ విలువ పెరిగింది.

పరిశోధన ఏం చెబుతోంది

మహిళల పాలనా నాయకత్వం మీద చారోల్ షేక్‌షాఫ్ట్ 1987లో రాసిన పుస్తకం ఒక రంగాన్నే నిలబెట్టింది. అప్పటిదాకా పాలనా సిద్ధాంతాలన్నీ మగ ప్రిన్సిపాళ్లను చూసి రాసినవేనని ఆమె వాదన. ఆ మాట మహిళల పుస్తకాలకూ వర్తిస్తుందని లాటినా పరిశోధకులు ఎత్తిచూపారు. అక్కడి ‘మహిళ’ ఎక్కువగా శ్వేతజాతి మహిళే. ఈ లోటు పూడ్చినవారిలో సిల్వియా మెండెస్-మోర్స్ ముఖ్యులు. లాటినా నాయకుల ఆదర్శమూర్తుల గురించి, మార్గదర్శకుల గురించి ఆమె 2004లో ప్రచురించిన అధ్యయనం నేటికీ అందరూ ఉటంకించేదే. పై మెట్టు దాకా చేయిపట్టి నడిపించిన ఒకే ఒక పెద్ద దిక్కు ఆమె మాట్లాడిన మహిళలకు లేదు. ఒకరి దగ్గర బడ్జెట్ చూడటం, ఇంకొకరి దగ్గర బోర్డుతో మాట్లాడటం, మరొకరి దగ్గర ధైర్యం నేర్చుకుని, ముక్కలు ముక్కలుగా తమ గురువును తామే కూర్చుకున్నారు. వారి ఆదర్శమూర్తుల్లో ముందు వరుసలో ఉన్నది తల్లులు. బడి మెట్లెక్కని తల్లులు కూడా అందులో ఉన్నారు.

2011లో కార్మెల్లా ఫ్రాంకో, మరియా ఆట్, డార్లీన్ రోబ్లెస్ కలిసి తమ ప్రస్థానాన్ని పుస్తకంగా రాశారు. ముగ్గురూ దక్షిణ కాలిఫోర్నియాలో సూపరింటెండెంట్లుగా పనిచేసినవారే. రోబ్లెస్ అంతకుముందు సాల్ట్ లేక్ సిటీ బడులను నడిపి, 2002లో లాస్ ఏంజెలెస్ కౌంటీ విద్యా కార్యాలయానికి అధిపతి అయ్యారు. ఆ పదవిలో ఆమె తొలి మహిళ, తొలి లాటినా. 2016లో అదే కుర్చీకి వచ్చిన డెబ్రా డ్వార్డో హైస్కూలు మధ్యలో ఆపేసి, వయోజన విద్య ద్వారా కమ్యూనిటీ కాలేజీకి, అక్కణ్నుంచి యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి చేరినవారు. ఇలాంటి జీవితాలను ఉపన్యాసాల్లో వాడుకోవడం తేలిక. వాటిలో పరిశోధకులకు పనికొచ్చే అంశం వేరే ఉంది. కమ్యూనిటీ కాలేజీ, వయోజన విద్య, బడిలో సహాయకురాలి ఉద్యోగం, ఇలా పక్కదారుల్లో వచ్చే లాటినాలు ఎక్కువ. నియామకపు నమూనాలన్నీ నేరుగా యూనివర్సిటీ నుంచి వచ్చేవారిని ఊహించుకుని తయారైనవి.

కుటుంబం విషయంలో పాత రచనలు తొందరపడ్డాయి. లాటినోల్లో కుటుంబ బంధం గట్టిది కాబట్టి ఆడవాళ్లు పదవుల వైపు చూడరని కొందరు తేల్చారు. మెండెస్-మోర్స్, ఎలిజబెత్ మురకామి తదితరులు 2015లో లాటినా ప్రిన్సిపాళ్ల మీద ప్రచురించిన పని, ఆ తర్వాత 2016 నాటి, వారిలో కొందరి సంపుటం చూస్తే చిత్రం అంత సూటిగా లేదు. పిల్లలను తమ తల్లి చూసుకుంటే రాత్రి బోర్డు సమావేశాలకు వెళ్లగలిగిన ప్రిన్సిపాళ్లున్నారు. అంటే కుటుంబం బరువూ అవుతుంది, ఊతమూ అవుతుంది. అసలు చిక్కు సూపరింటెండెంట్ పదవి స్వభావంలోనే ఉంది. అది ఊళ్లు మారమంటుంది. సొంత డిస్ట్రిక్టులో పాతికేళ్లు పనిచేసి నమ్మకం సంపాదించుకున్న మహిళకు పక్క రాష్ట్రంలో ఖాళీ ఉన్నా అది తనకు అందేది కాదనిపించవచ్చు.

ప్రిన్సిపాల్ ఏ స్థాయి బడికి అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎలిమెంటరీ బడుల ప్రిన్సిపాళ్లలో మూడింట రెండు వంతులు మహిళలు, హైస్కూళ్లలో మూడింట ఒక వంతు మాత్రమే. బోర్డులు సూపరింటెండెంట్ కోసం ముందుగా చూసేది హైస్కూలు వైపు. లాటినాలు ఎక్కువగా ఎలిమెంటరీ వైపే నియమితులవుతారు. ద్విభాషా తరగతులు అక్కడే కేంద్రీకృతం కావడం దానికి ఒక కారణం.

ఇంతకూ ఎవరు ప్రిన్సిపాల్ అయితే పిల్లలకు ఏమిటి? 2021లో జేసన్ గ్రిస్సమ్, అన్నా ఎగాలైట్, కాన్‌స్టన్స్ లిండ్సే రెండు దశాబ్దాల పరిశోధనను క్రోడీకరించి ప్రిన్సిపాల్ ప్రభావం అనుకున్నదానికన్నా పెద్దదని చెప్పారు. మైనారిటీ ప్రిన్సిపాళ్లున్న బడుల్లో మైనారిటీ టీచర్లు ఎక్కువగా చేరతారనీ, ఎక్కువ కాలం నిలుస్తారనీ ఆధారాలున్నట్టు కూడా అందులో ఉంది. ప్రిన్సిపాల్ జాతికి పిల్లల మార్కుల మీద నేరుగా ఉండే ప్రభావం గురించి మాత్రం సాక్ష్యం అంత దట్టంగా లేదు. నాయకత్వంలో ప్రాతినిధ్యాన్ని మార్కులతోనే సమర్థించాలనుకునే వాదన అందుకే బలహీనం. ఆ వాదన శ్వేతజాతి ప్రిన్సిపాళ్ల నుంచి ఎవరూ ఎన్నడూ అడగని రుజువును వీళ్ల నుంచి అడుగుతుంది.

పెద్ద డిస్ట్రిక్టుల అనుభవం

సూపరింటెండెంట్ నియామకాన్ని బోర్డులు తరచు ప్రైవేటు అన్వేషణ సంస్థలకు అప్పగిస్తాయి. ఆ సంస్థల జాబితాలో ఉన్నవాళ్లే ఇంటర్వ్యూ దాకా వస్తారు. మొదటి ఉద్యోగం దొరకడమే కష్టం. ఒకసారి పెద్ద డిస్ట్రిక్టు నడిపినవాళ్లు తర్వాత చాలా ఖాళీలకు ముందు వరుసలో ఉంటారు. స్టెఫనీ ఎలిసాల్డే 2020లో ఆస్టిన్‌కు, 2022లో అంతకన్నా పెద్దదైన డాలస్‌కు సూపరింటెండెంట్ అయ్యారు. ఎస్పెరాన్సా సెండేహాస్ 1990ల్లో టెక్సాస్ సరిహద్దులోని బ్రౌన్స్‌విల్ నుంచి ఇండియానాపొలిస్ వెళ్లి, తర్వాత మళ్లీ బ్రౌన్స్‌విల్ పగ్గాలు చేపట్టారు. రియో గ్రాండే లోయలోని అలాంటి డిస్ట్రిక్టుల్లో విద్యార్థులు దాదాపు అందరూ లాటినోలే, బోర్డు సభ్యులూ ఎక్కువగా వాళ్లే. అక్కడ జాతి అడ్డంకి కరిగిపోయి, స్త్రీ-పురుష భేదం, స్థానిక రాజకీయ వర్గాలు బయటికి తేలతాయి. సమస్యలోని రెండు పోగులను విడదీసి చూడాలనుకునే పరిశోధకులకు ఆ లోయ మంచి చోటు.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. డాలస్ పక్కనున్న అర్వింగ్‌లో వాళ్లు వేల సంఖ్యలో ఉంటారు. ఆ నగరం మొత్తం ఒకే స్కూల్ డిస్ట్రిక్టులో లేదు. అర్వింగ్ డిస్ట్రిక్టులో హిస్పానిక్ పిల్లలదే మెజారిటీ. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఇష్టపడే ఉత్తరపు కాలనీలు కొపెల్ తదితర పొరుగు డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. ఇల్లు కొనేముందు డిస్ట్రిక్టు గీత ఎక్కడుందో చూసుకునే ఈ అలవాటు వల్ల, లాటినా నాయకత్వం ఉన్న బడులకూ వేరే వలస సమాజాలకూ మధ్య పరిచయం తక్కువే ఉంటుంది.

పదవి ఏ పరిస్థితిలో వస్తుందన్నది కూడా గమనించాలి. మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ 2005లో కంపెనీల మీద చేసిన పరిశోధనలో, సంస్థ కష్టాల్లో ఉన్నప్పుడు మహిళలకు పగ్గాలు అప్పగించే ధోరణిని గుర్తించారు. బడుల్లోనూ దాన్ని పోలిన సందర్భాలు దొరుకుతాయి. సుసానా కార్డోవా డెన్వర్‌లోనే చదువుకుని, అక్కడే టీచరు, ప్రిన్సిపాల్‌గా పనిచేసి, 2019 జనవరిలో సూపరింటెండెంట్ అయ్యారు. మరుసటి నెలలోనే పాతికేళ్లలో తొలి టీచర్ల సమ్మె వచ్చిపడింది. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో తనను నియమించిన బోర్డు మెజారిటీ మారిపోయింది, 2020లో కోవిడ్. ఆ నవంబర్‌లో ఆమె రాజీనామా ప్రకటించినప్పుడు నగరంలోని లాటినో నాయకులు బోర్డును బాహాటంగా తప్పుపట్టారు. 2023లో ఆమె కొలరాడో రాష్ట్ర విద్యా కమిషనర్ అయ్యారు. న్యూయార్క్‌లో మెలిసా అవిలెస్-రామోస్ 2024 అక్టోబర్‌లో ఛాన్సలర్ అయ్యేనాటికి ఆమెను నియమించిన మేయర్ మీద ఫెడరల్ నేరారోపణ నడుస్తోంది. ఆ నగర బడులకు ఆమె తొలి లాటినా అధిపతి. రెండు మూడు ఉదాహరణలతో సూత్రం కట్టలేం. అయితే, మొదటి అవకాశమే ఇంత ఇరుకైన సమయంలో వస్తే, తర్వాత వచ్చే అంచనా మనిషి మీద పడుతుంది, సమయం మీద పడదు.

సంఘాలు, ఇప్పటి పరిస్థితి

లాటినో పాలనాధికారుల, సూపరింటెండెంట్ల జాతీయ సంఘం 2003లో ఏర్పడింది. ప్రిన్సిపాళ్లను, డైరెక్టర్లను పై పదవికి సిద్ధం చేసే అకాడమీ నడుపుతుంది. కాలిఫోర్నియాలోని సోదర సంఘం కొత్తవారిని అనుభవజ్ఞులతో జత చేస్తుంది. ఇవి చేసే అసలు మేలు శిక్షణ కన్నా పరిచయాలు. అన్వేషణ సంస్థ ఫోను చేసి ‘ఎవరైనా ఉన్నారా’ అని అడిగినప్పుడు చెప్పడానికి పేర్లుంటాయి. కొన్ని డిస్ట్రిక్టులు బడి సహాయకులనే టీచర్లుగా, టీచర్లనే ప్రిన్సిపాళ్లుగా తీర్చుకునే పథకాలు పెట్టాయి. స్థానిక లాటినా మహిళలకు వీటివల్లే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఊరు కదలకుండానే లైసెన్సు చేతికొస్తుంది.

2025 నుంచి రాజకీయ గాలి ఎదురు తిరిగింది. వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిచే కార్యక్రమాల మీద ఫెడరల్ ప్రభుత్వం నిధుల కోత బెదిరింపులు చేసింది. టెక్సాస్ అదే ఏడాది పాఠశాలల్లోని నియామకాల్లో అలాంటి కార్యక్రమాలను చట్టంతో నిషేధించింది. ఒక జాతికో లింగానికో పరిమితమైన శిక్షణ పథకాలు ఇప్పుడు పేర్లు మార్చుకుంటున్నాయి, అర్హతలను విస్తరించుకుంటున్నాయి.

అదే ఏడాది జనవరిలో బడులు, ఆసుపత్రుల వంటి చోట్ల ఇమిగ్రేషన్ అరెస్టులకు దూరంగా ఉండాలన్న పాత విధానాన్ని ప్రభుత్వం రద్దు చేసింది. పత్రాలు లేని పిల్లలకూ ప్రభుత్వ బడిలో చదివే హక్కుందని 1982లో ‘ప్లైలర్ వర్సెస్ డో’ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు చెక్కుచెదరలేదు కానీ, భయంతో హాజరు పడిపోయిన బడులున్నాయి. అధికారులు గేటు దగ్గరికొస్తే న్యాయమూర్తి సంతకం చేసిన వారంటుకూ శాఖాపరమైన వారంటుకూ తేడా చూడటం ఎలాగో ప్రిన్సిపాళ్లు నేర్చుకుంటున్నారు. స్పానిష్‌లో తల్లిదండ్రులకు ధైర్యం చెప్పే పని మళ్లీ ద్విభాషా ప్రిన్సిపాళ్ల మీదే పడుతోంది. దీనికి తోడు కోవిడ్ సహాయ నిధుల గడువు 2024 సెప్టెంబర్‌తో తీరింది. జననాల రేటు తగ్గి పెద్ద నగరాల బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు. డిస్ట్రిక్టులకు రాష్ట్రాల నుంచి వచ్చే డబ్బు ఎక్కువగా పిల్లల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు పెద్ద నగరాల్లో పగ్గాలు అందుకుంటున్న సూపరింటెండెంట్ల ముందుకు మొదటి రెండేళ్లలోనే ఏ బడులు మూయాలి, ఏ పోస్టులు తీసేయాలి అన్న పట్టిక వస్తోంది.